దాన్ని పాచి అనకండి

పాచి అనే మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పాచి అంటే పళ్ల మీద పేరుకునేది, నీళ్ల తొట్టిలో తేలేది, బాత్రూం గడప దగ్గర కాలు జారేలా చేసేది. మా అపార్టుమెంట్ల క్లబ్‌హౌస్ వెనక బండ మీద ఉన్నది పాచి కాదు. అది మొక్క. దానికి పైభాగం ఒక తీరు, కిందిభాగం ఇంకో తీరు. మట్టిని పట్టుకునే సన్నటి తంతువులున్నాయి. ఆడ మొక్కలున్నాయి, మగ మొక్కలున్నాయి. వాన పడితే విచ్చుకుంటుంది, ఎండ ముదిరితే అంచులు ముడుచుకుని వచ్చే వానాకాలం దాకా నోరు మూసుకుని పడుకుంటుంది. మా కాలనీ వాట్సాప్ గ్రూపులో సగం మందికి ఆ మాత్రం క్రమశిక్షణ లేదు.

నేను డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. కంప్యూటర్ గ్రూపులో సీటు దొరకని పిల్లలు మా క్లాసుకొచ్చి, ఎవరో పోయిన ఇంటికి వచ్చినట్టు కూర్చుంటారు. ఉండేది పుప్పాలగూడలో, ఒక పెద్ద గేటెడ్ కమ్యూనిటీలో, కిరాయికి. కిరాయిదారులకు ఇక్కడ మీటింగులో కూర్చునే హక్కు ఉంది, చెయ్యెత్తే హక్కు లేదు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ అద్దాల మేడల మీద పడిన పొద్దుటెండ మా వంటింట్లోకి వచ్చి కళ్లు చెదరగొడుతుంది. అది తప్ప ఇంటి మీద నాకు ఫిర్యాదులు లేవు.

ఇక ఆ బండ సంగతి. ఇక్కడ కట్టడం మొదలుపెట్టినప్పుడు బిల్డరు చుట్టూ ఉన్న బండలన్నీ పేల్చేశాడట. ఈ ఒక్కటి మిగలడానికి కారణం ప్రకృతి మీద ప్రేమ కాదు. అప్పటికే దీని పక్కన క్లబ్‌హౌస్ లేచింది, బండను పేలిస్తే క్లబ్‌హౌస్ అద్దాలు పగులుతాయి. పేల్చలేకపోయిన దానికి బ్రోచర్‌లో ‘నేచురల్ రాక్ గార్డెన్’ అని పేరు పెట్టి, దాని ముందు రెండు సిమెంటు పుట్టగొడుగులు నాటారు. నిజమైన బండ పక్కన సిమెంటు పుట్టగొడుగులు! అవి చూసినప్పుడల్లా నాకు తన్నాలనిపించేది.

శ్రావణంలో, రెండు మూడు రోజులు విడవకుండా వాన పడి తెరిపిచ్చిన ఒక ఉదయం, నడకకని దిగి ఆ బండ దగ్గర ఆగాను. బండ పైన అక్కడక్కడా పల్లాలున్నాయి. ఆ పల్లాల్లో వేలి మందం మట్టి. ఆ మట్టి మీద గుండ్రంగా, రూపాయి బిళ్లంత, బూడిద రంగు కలిసిన ఆకుపచ్చ పువ్వుల్లాంటివి పరుచుకుని ఉన్నాయి. ఒక్కో రేకూ చివర రెండుగా చీలి, నడుమ సన్నటి గాడితో ఉంది. నా హ్యాండ్‌బ్యాగులో భూతద్దం ఎప్పుడూ ఉంటుంది. తడి బండ మీద మోకాళ్లు ఆనించి, ముక్కు మట్టికి తగిలేంతగా వంగాను.

వెనకనుంచి సెక్యూరిటీ గార్డు వచ్చాడు.

“ఏం పోయింది మేడం? కమ్మ పోయిందా?”

“ఏం పోలే. మొక్కను చూస్తున్న.”

అతను బండ మొత్తం కలియజూశాడు. “మొక్క యాడుంది మేడం? గీ పాచా?”

సాయంత్రానికి నా బంగారు కమ్మ పోయిందన్న కబురు కాలనీ అంతా పాకింది. లిఫ్టులో ముగ్గురు ఓదార్చారు. ఒకావిడ, “చీపురు పట్టుకుని బండ మొత్తం ఊడిపిద్దాం, దొరక్కపోతుందా” అంది. కమ్మలు రెండూ చెవులకే ఉన్నాయని చూపిస్తే తప్ప ఆవిడ వదలలేదు.

అది రిక్సియా. లివర్‌వర్ట్ అని పిలిచే చిన్న మొక్కల జాతుల్లో ఒకటి. మన పాఠ్యపుస్తకాల్లో వీటిని నిమ్నశ్రేణి మొక్కలంటారు. నేల మీద మొట్టమొదట కాలు పెట్టిన మొక్కల వంశానికి మనం ఇచ్చిన మర్యాద అది. మా కాలేజీలో రిక్సియా అంటే సప్లయర్ దగ్గర కొన్న గాజు పలక మీది ఎర్ర మరక. అది ఎక్కడో చల్లటి కొండల్లో మొలుస్తుందని పిల్లలూ నమ్ముతారు, చెప్పేవాళ్లూ నమ్ముతారు. ఇక్కడ చూస్తే, సాఫ్ట్‌వేర్ కంపెనీల బస్సులు తిరిగే దారికి కూతవేటు దూరంలో, ఎవరికీ చెప్పకుండా బతుకుతోంది.

రిక్సియా అని భూతద్దంతోనే చెప్పొచ్చు. ఏ రిక్సియా అన్నది చెప్పడం మాత్రం అంత తేలిక కాదు. పైకి ఒకేలా కనిపించే జాతులు చాలా ఉన్నాయి. వాటిని విడదీసేది సిద్ధబీజాలు, అంటే ఈ మొక్కలకు విత్తనాల బదులుండే స్పోర్లు. అవి మొక్క ఒంట్లోనే, పైకి కనపడకుండా తయారవుతాయి. పండితే నల్లబడి, రేకుల్లోంచి ఆవాల నలకల్లా తొంగిచూస్తాయి. అప్పుడు మైక్రోస్కోప్ కింద పెట్టి వాటి ఒంటి మీది గళ్లు, అంచు రెక్క చూసి పేరు తేల్చాలి. వానలు వెనక్కి తగ్గేదాకా అవి పండవు. అప్పటిదాకా చేయగలిగింది ఎదురుచూడటమే.

ఎదురుచూడటం అనే పని ఈ ఐటీ కారిడార్‌లో ఎవరికీ రాదు.

మా అసోసియేషన్ సెక్రటరీ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు, కోస్తా మనిషి. ఎప్పుడూ గొంతు పెంచడు, ఎదురుపడితే తానే ముందు నమస్కారం పెడతాడు. నా బాధ కూడా అదే. దుర్మార్గుడైతే నాలుగు తిట్టుకుని ఊరుకునేదాన్ని. నేను రోజూ బండ దగ్గర కూలబడటం ఆయన చెవిన పడి, ఒకరోజు వచ్చి, మొక్కల పేర్లు చెప్పే యాప్ ఏదో తెరిచి ఫోనుతో ఫొటో తీశాడు.

“మార్కాన్షియా అంటోందండీ మేడమ్.”

“కాదండీ, అది ఇంకో లివర్‌వర్ట్. ఇది రిక్సియా.”

“యాప్ కాన్ఫిడెన్స్ చాలా హై చూపిస్తోందండీ.”

“నా కాన్ఫిడెన్స్ అంతకంటే హై అండీ.”

ఆయన నవ్వాడు. తనకూ ఇలాంటివంటే ఇష్టమనీ, హైటెక్ సిటీలోని తన ఆఫీసులో రిసెప్షన్ గోడంతా మాస్‌తో, అంటే మెత్తటి నాచుమొక్కతో, చేయించారనీ, వచ్చి చూడమనీ అన్నాడు. మరుసటి వారం వెళ్లాను కూడా. గోడ నిండా మెత్తటి పచ్చదనం, మధ్యలో కంపెనీ గుర్తు. వేలితో నొక్కి చూశాను. ఎక్కడో చలిదేశంలో పెరిగిన దాన్ని చంపి, రంగు వేసి, పాడవకుండా మందు పట్టించి, ఓడెక్కించి తెచ్చి అంటించారు. “నీళ్లు పోయక్కర్లేదండీ, మెయింటెనెన్స్ జీరో” అన్నాడాయన మురిసిపోతూ. శవానికి మెయింటెనెన్స్ ఏముంటుంది? ఆ మాట నోటిదాకా వచ్చింది. ఆయన ఇప్పించిన కాఫీ తాగుతూ మింగేశాను.

కాఫీ దగ్గరే అసలు విషయం చెప్పాడు. బతుకమ్మ ఆడటానికి చోటు చాలడం లేదని ఆడవాళ్లు ఫిర్యాదు చేశారట. అందుకని క్లబ్‌హౌస్ వెనక, బండను కలుపుకుని, చెక్కపలకల అరుగు, ఆయన మాటలో డెక్, వేయాలని కమిటీ అనుకుంటోంది. నా ముఖం చూసి ఆయన కంగారుపడ్డాడు.

“మీరేం వర్రీ అవకండి మేడమ్. మీ మొక్క రేర్ అయితే చెప్పండి. రేర్ అని లెటర్‌హెడ్ మీద రాసివ్వండి చాలు. డెక్ పక్కకి జరిపేస్తాం, చుట్టూ ఫెన్సింగ్ వేయిస్తాం, బోర్డు పెడదాం. గ్రీన్ సర్టిఫికేట్‌కి కూడా పనికొస్తుందండీ.”

“రేర్ అవునో కాదో సిద్ధబీజాలు పండితేగానీ తేలదండీ.”

“పండగ ముందు జనరల్ బాడీ ఉంది. అప్పటికి తేల్చేయండి మరి.”

బండ బతుకు నా చేతిలో పెట్టాడన్నమాట. నా చేతిలో అయినా కాదు, కంటికి కనపడని సిద్ధబీజాల చేతిలో.

ఆ వారంలోనే వినాయక నిమజ్జనం ముగిసింది, పండగ క్లీనింగ్ మొదలైంది. ప్రెషర్ గన్నులతో మెట్లు, దారులు కడిగేస్తున్నారు. బండ దాకా వస్తారని భయం పట్టుకుంది. ఎవరితో చెప్పాలన్నా ఇక్కడ మనిషితో చెప్పకూడదు, యాప్‌లో టికెట్ వేయాలి. యాప్ తెరిస్తే ప్లంబింగ్, ఎలక్ట్రికల్, లిఫ్ట్, హౌస్‌కీపింగ్, పెస్ట్ కంట్రోల్ అని ఉన్నాయి. ‘బతకనివ్వండి’ అనే విభాగం లేదు. కడగొద్దని చెప్పాలి కాబట్టి హౌస్‌కీపింగ్ నొక్కాను. ఏ చోటో తెలియాలని ఫొటో తీసి, మొక్కలున్న పల్లాల చుట్టూ ఎర్ర గీతలు గీసి జతచేశాను. “దయచేసి ఇక్కడ కడగవద్దు, ఇవి మొక్కలు” అని ఇంగ్లీషులో వివరంగా రాశాను.

మర్నాడు కాలేజీలో ఉండగా ఫోను మోగింది. ‘మీ సమస్య పరిష్కారమైంది.’ కింద రెండు ఫొటోలు. మొదటిది నేను పంపిందే, ఎర్ర గీతలతో. రెండోదాంట్లో అదే బండ, ఎర్ర గీతలు గీసిన ప్రతి చోటా తెల్లగా, ఆసుపత్రి నేలలా మెరుస్తోంది. ఫొటో చూశారు, రాసింది చదవలేదు. టికెట్ మీద హౌస్‌కీపింగ్ అని ఉంటే శుభ్రం చేయాలన్నదే వాళ్లకు తెలిసిన అర్థం. పల్లాల్లో మట్టితో సహా గీకి, యాసిడ్ పోసి, వైర్ బ్రష్‌తో తోమారు. నేను గీతలు గీయని చోట మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. అక్కడ నిజంగానే పాచి ఉంది.

స్టాఫ్‌రూంలో అందరి ముందూ గట్టిగా అరిచాను. ఏమైందని అడిగితే ఏం చెప్పను? పాచి కడిగారని ఏడుస్తున్నానని చెప్పనా?

యాప్ రేటింగ్ అడిగింది. ఒక్క స్టార్ నొక్కాను. అంతకంటే తక్కువ ఇచ్చే వీలు లేదు.

ఇంటికొచ్చేసరికి హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరు, పక్క ఊరు నార్సింగి నుంచి షేర్ ఆటోలో వచ్చి పనిచేసే, బండ తోమిన ఆమె, ఇద్దరూ నా గుమ్మం ముందు నిలబడి ఉన్నారు. ఆమె చేతులు కొంగులో దాచుకుంది.

“మేడం, ఒక్క స్టారే ఇచ్చిండ్రంట,” అన్నాడు సూపర్‌వైజరు. “యాడ మిగిలిందో జర చూపెట్టుండ్రి, మల్ల రుద్దిపిస్త.”

“మిగిలిందని ఎవరన్నరు? మొత్తం పోయిందనే కోపం.”

వాళ్లకు అర్థం కాలేదు. ఆమె ముందుకొచ్చింది. “అమ్మా, చేతులు మండంగ రుద్దిన. ఇంగ కావాల్నంటె రేపు ఇంకో బాటిల్ పోస్త. గా స్టార్ మాత్రం తియ్యుండ్రి. ఒక్క స్టారొస్తె నన్ను ఈడికెళ్లి తీసేస్తరు.”

చేతులు చూపించమన్నాను. వేళ్ల సందుల్లో తోలు ఎర్రగా లేచిపోయింది. గ్లవుజులు ఇవ్వలేదట. మందు రాసి, కూర్చోబెట్టి, ఫోను తీసి రేటింగ్ మార్చాను. అయిదు స్టార్లు. నా మొక్కల్ని యాసిడ్ పోసి చంపినందుకు నా చేత్తో నేనే ఇచ్చాను. తెర మీద రంగురంగుల కాగితాలు ఎగిరాయి, ‘మీ సంతోషమే మా లక్ష్యం’ అని వచ్చింది. ఆ ఫోనుని గోడకేసి కొట్టకుండా ఉన్నందుకు నన్ను నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను.

తర్వాతి రెండు ఆదివారాలూ స్కూటీ వేసుకుని తిరిగాను. ఇక్కడ పోతే ఇంకోచోట దొరక్కపోతుందా అని ఆశ. నార్సింగిలో నేను గుర్తుపెట్టుకున్న బండల గుంపు ఉన్నచోట విల్లాల గేటు ఉంది. గోపన్‌పల్లిలో ఒక బండ మిగిలి ఉంది కానీ దాని నెత్తిన నీళ్ల ట్యాంకు, నడుముకి సిమెంటు పూత. మట్టి నిలిచే పల్లం ఒక్కటీ లేదు. ఈ మొక్కకి కావలసింది ఎంత? వేలి మందం మట్టి, నాలుగు నెలల తడి, తర్వాత ఎవరూ ముట్టుకోని ఎండ. పూలకుండీ అక్కర్లేదు, ఎరువు అక్కర్లేదు, తోటమాలి అక్కర్లేదు. అంత తక్కువ అడిగేవాళ్లకు ఈ ఊళ్లో చోటు లేదు.

చివరికి దొరికింది ఎక్కడో కాదు, మా బండకే. జనరేటర్ గది గోడకీ బండకీ మధ్య, మనిషి అడ్డంగా దూరితేగానీ పట్టనంత సందులో. ఉత్తరం వైపు నీడ, పైనుంచి సన్నగా నీరు దిగే పగులు, కింద అరచేతి మేర మట్టి. దాని మీద రిక్సియా. ఫొటోకి అందలేదు కాబట్టి ఎర్ర గీతకు చిక్కలేదు. రేకుల మధ్య నల్లటి చుక్కలున్నాయి. సిద్ధబీజాలు పండాయి! చీర గోడకు గీసుకుని చిరిగింది, మోచెయ్యి కొట్టుకుపోయింది, అయినా ఆ సందులో నిలబడి నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

మొత్తం తీయలేదు. రెండే రెండు రేకులు కాగితంలో చుట్టుకుని కాలేజీ ల్యాబుకి తీసుకెళ్లాను. కింది పొలుసులు ఊదా రంగులో ఉన్నాయి. నల్ల చుక్కల్ని చిదిపి, లోపలి సిద్ధబీజాలను మైక్రోస్కోప్ కింద పెడితే, ముదురు గోధుమరంగు గోళాల మీద తేనెపట్టులా గళ్లు. గళ్లు చూశాను, అంచు చూశాను, పుస్తకంలో పోల్చాను. తప్పు చూశానేమో అని మళ్లీ మొదటినుంచీ చూశాను. తప్పు కావాలనే కోరుకున్నాను.

రిక్సియా డిస్కలర్. మన దేశంలో మైదానాల్లో విరివిగా కనిపించే జాతి అని పుస్తకంలో రాసి ఉంది. విరివిగా! పేరు తెలిసినందుకు సంతోషపడాల్సిన మనిషిని, ఆ పేరు చూసి పుస్తకాన్ని మూసేశాను.

అబద్ధం రాయడం ఎంత సులువో ఆ రాత్రంతా ఆలోచించాను. మా కాలనీలో రిక్సియా జాతుల్ని విడదీయగలిగిన మనిషిని నేనొక్కదాన్నే. ‘అరుదైన జాతి’ అని రెండు ముక్కలు రాసి సంతకం చేస్తే, ఆ అరచేతి మేర మట్టి చుట్టూ రేపే కంచె లేస్తుంది. ఎవరూ అడగరు, అడిగినా యాప్ మార్కాన్షియా అంటుంది. కానీ ఏటా పిల్లలకు చెప్పేది నేనే కదా: చూసింది రాయండి, కావాలనుకున్నది రాయకండి అని. చివరికి నిజమే రాశాను, అయితే పూర్తి నిజం రాశాను. మొక్క మామూలుదే, దానికి కావలసిన పల్చటి మట్టి ఉన్న విడి బండ మాత్రం మన చుట్టుపక్కల ఇంకొకటి నాకు దొరకలేదు, కాబట్టి దయచేసి డెక్‌ని కొంచెం జరపండి అని ఒక పేజీ.

జనరల్ బాడీ క్లబ్‌హౌస్‌లో జరిగింది. పార్కింగ్, కుక్కలు, నీళ్ల ట్యాంకర్లు అయ్యాక నా వంతు వచ్చింది. లేచి చదవడం మొదలుపెట్టాను. ముందు వరుసలో ఒకాయన ల్యాప్‌టాప్ మీంచి తలెత్తకుండానే, “కంక్లూజన్ చెప్పండి మేడం” అన్నాడు. సెక్రటరీ నొచ్చుకుని, నా వైపు మర్యాదగా తిరిగాడు.

“అందరికీ టైం తక్కువండీ మేడమ్. ఏమనుకోకండి. ఒక్క ముక్కలో చెప్పేయండి. అరుదా, కాదా?”

“మొక్క సంగతి వేరండీ, అది ఉండే చోటు...”

“ఆ మొక్క అరుదా, కాదా అండి?”

గది అంతా నావైపే చూస్తోంది. కాగితం నా చేతిలోనే ఉంది, ఇంకా ముప్పాతిక పేజీ ఉంది.

“కాదు,” అన్నాను.

గదిలో ఊపిరి వదిలినట్టయింది. “చాలా నిజాయితీగా చెప్పారండీ. ఈ రోజుల్లో ఎవరు చెప్తారు?” అన్నాడు సెక్రటరీ. ఆయన మనస్ఫూర్తిగానే అన్నాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు, అందరూ అందుకున్నారు. మామూలుదైతే బతకడానికి అర్హత లేదా, ఈ గదిలో అరుదైనవాళ్లు ఎంతమంది ఉన్నారో చెయ్యెత్తండి అని అడిగాను. నిజంగానే అడిగాను, గట్టిగానే అడిగాను. కొందరు జోక్ అనుకుని నవ్వారు. ఆ తర్వాతి అంశం డెక్ చెక్కల రంగు: టేకా, వాల్‌నటా? ఓటింగులో నాకు చెయ్యెత్తే హక్కు లేదు.

మర్నాడు తెల్లవారకముందే ఆ సందులో దూరి, మిగిలిన మొక్కల్ని మట్టితో సహా కత్తిమొనతో ఎత్తాను. ఇంట్లో కుండీలో పెట్టి చూడమని ఎవరైనా అంటారేమో. పెట్టి చూశాను. నా మమకారం దానికి పనికిరాలేదు, పది రోజుల్లో బూజు పట్టింది. కుండీలో పెట్టకుండా ఎండబెట్టిన కొన్నిటిని మాత్రం, ఎండు మొక్కల నమూనాలు దాచే యూనివర్సిటీ హెర్బేరియంకి పంపడానికి కాగితపు పొట్లంలో పెట్టాను. పొట్లం మీద చీటీ అంటించాలి. దాని మీద జాతి పేరు రాశాను. ఆవాసం అన్నచోట పుప్పాలగూడ, గ్రానైట్ బండ, ఉత్తరపు నీడ, నీరు దిగే పగులు కింద పల్చటి మట్టి అని రాశాను. పద్ధతి ప్రకారం అక్కడితో ఆగాలి.

నేను ఆగలేదు. చీటీలో మిగిలిన చోటంతా వాడుకుని, దాని కిందే రాశాను: “సేకరించిన వారం లోపే ఈ ఆవాసాన్ని చెక్కలతో మూసేశారు. ఈ మొక్క అరుదైనది కాదని వాళ్లకు చెప్పింది నేనే.”